చెవి పట్టుకుని చెప్పిన మాట

కుట్టు మిషను ఆగలేదు.

ఆడబిడ్డ గుమ్మంలో బూట్లు విప్పింది. ఆగలేదు. భుజాన ఉన్న సంచి దించి కుర్చీ పక్కన పెట్టింది. ఆగలేదు. "వదినా" అని పిలిచింది. అప్పుడు మాత్రం మిషను ఇంకాస్త జోరందుకుంది.

దర్జీ వదిన చేతిలో ఉన్నది బడికెళ్ళే పిల్ల గౌను. దాని అంచు కుట్టడం ఎప్పుడో అయిపోయింది. అయినా కుట్టిన కుట్టు మీదే మళ్ళీ కుడుతూ పోతోంది. బట్ట బిగుసుకుపోయి అట్టముక్కలా తయారైంది. ఆ గౌను వేసుకున్న పిల్ల ఇక బెంచీ మీద కూచున్నట్టే.

"నా కూతురు ఈ గడప తొక్కి రెండేళ్ళయింది," లోపలి గదిలోంచి అత్త గొంతు లేచింది. "గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదా ఈ కొంపలో?"

"కుండా అక్కడే ఉంది, గ్లాసూ అక్కడే ఉంది. రైలు నడిపే చేతులు నీళ్ళు ముంచుకోలేవా అత్తా?" అంది వదిన, సూది మీంచి చూపు ఎత్తకుండా.

మాట అత్తతోనే. ఆడబిడ్డతో ఆమెకు మాటల్లేవు. ఫోను మోగినా మొగుడే ఎత్తాలి. ఎత్తి, "ఆఁ" అని, "ఊఁ" అని, పెట్టేయాలి. మొగుడు వడ్రంగి. కొలత మించి చెక్క కోయడు, అవసరం మించి మాటా ఆడడు. ఇప్పుడూ ఆ మూల పీట మీద కూచుని ఒక కుర్చీ కాలుకి గరుకు కాగితం పట్టి రుద్దుతున్నాడు. ఇల్లు కూలిపోతున్నా ఆ కాలు నున్నబడాల్సిందే.

ఆడబిడ్డే వెళ్ళి నీళ్ళు ముంచుకుంది. ఒక గ్లాసు తను తాగి, ఇంకో గ్లాసు ముంచి బయటికి తీసుకెళ్ళింది. బయట చూరు కింద, మెట్ల మీద, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇంజన్లో ఆమెకి అసిస్టెంటు. డ్యూటీ దిగి ఇద్దరూ నేరుగా ఇటే వచ్చినట్టున్నారు, నీలం చొక్కా మీద నూనె మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. ముప్ఫై దాటిన వయసు, శుభ్రంగా దువ్విన తల, పట్నం వాలకం. లోపలికి రమ్మంటే "పర్లేదండీ" అంటూ చూరు నీళ్ళకి తడుస్తున్నాడు.

అత్త మంచం మీంచి మెడ సాచి కిటికీలోంచి చూసింది. చూపు ఆనదు గానీ ఆరా తీయడం ఆపదు. పరాయివాడి ముందు ఎందుకని, తమ కొండభాషలో గట్టిగానే అడిగింది: "ఆ మెట్ల మీద ఒంటికాలి కొంగలా ఉన్నది ఎవడే? బండికి రెండో ఇంజను కట్టుకున్నావా ఏంటి?"

బయట మనిషికి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నెమ్మదిగా తాగు బాబూ," అన్నాడు వడ్రంగి. ఆ పూటకి అతను తనంతట తానుగా అన్న మొదటి మాట అదే.

మిషను మాత్రం ఆగలేదు.

పొద్దున వాడ పెద్దాయన వచ్చి అనేసి వెళ్ళిన మాట ఆ గదిలో ఇంకా వేలాడుతూనే ఉంది. "సాయంత్రం వీధి చివర హాల్లో చాపలు పరిపించాను. కొండమీది వాడలన్నిటి నుంచీ జనం దిగుతున్నారు. నువ్వొచ్చి నోరు విప్పితే నీ ఆడబిడ్డ బతుకు చెప్పినట్టు. విప్పకపోతే చాపలు చుట్టుకుని ఎవరి కొంపకి వాళ్ళం పోతాం. నీ బదులు చెప్పడానికి ఇంకెవరికీ వరస లేదు. తెలుసుగా."

తెలుసు. తెలియకపోవడమేం.

వీళ్ళ కొండజనంలో ఎవరి బతుకు వాళ్ళు చెప్పుకోరు. చెప్పుకోకూడదు. ఒక మనిషి ఏదైనా సాధిస్తే, నలుగురినీ కూచోబెట్టి ఆ మనిషి బతుకుని వరసైనవాళ్ళు చెప్పాలి. ఆడబిడ్డ బతుకుని వదిన, బావమరిది బతుకుని బావ. అంటే ఎగతాళి చేసే హక్కు ఎవరికుందో, పొగిడే హక్కూ వాళ్ళకే. ముందు తప్పులు చెప్పాలి, జనం నవ్వాలి. నవ్వు అయ్యాకే గొప్ప. ఎవరి గురించి చెబుతున్నారో ఆ మనిషి నోరు మెదపకుండా ఎదురుగా కూచోవాలి. అలా చెప్పిన బతుకే పిల్లల నోళ్ళలో మిగులుతుంది. చెప్పని బతుకు మనిషితోనే మట్టిలో కలుస్తుంది. సొంత నోటితో చెప్పుకోవడమంటే తన మెళ్ళో తనే దండ వేసుకోవడం. అది ఇంకా అన్యాయం.

ఆ అన్యాయమే జరిగింది. అదీ టీవీలో.

ఆడబిడ్డ మళ్ళీ లోపలికొచ్చి మిషను ఎదురుగా కూచుంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. కొండజనంలో ఇంజనెక్కిన మొదటి ఆడది. దారి పొడుగునా ఊళ్ళు ఆమెను ఇంజనమ్మ అంటాయి. వేల మందిని వెనకాల కూచోబెట్టుకుని లోయలు దాటించే మనిషి, ఇక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"చెప్పకపోతే పోనీ వదినా. హాలుకి రాకపోతే పోనీ. ఒక్కసారి నన్ను తిట్టు. నీ తిట్టు వినక చెవుల చిల్లులు పూడిపోయాయి."

మిషను ఆగింది.

ఆ నిశ్శబ్దానికి అత్త మంచంలోనే సర్దుకుని కూచుంది. వడ్రంగి చేతిలో కాగితం నిలిచిపోయింది.

"ఏమయ్యా," అంది వదిన మొగుడితో, "మీ చెల్లెలికి చెప్పు. తిట్టడానికి కూడా నా దగ్గర ఏం మిగల్లేదని. ఉన్నదంతా ఆవిడే టీవీలో చెప్పేసుకుందిగా. పుట్టింది చెప్పుకుంది, పెరిగింది చెప్పుకుంది, కొండ దిగింది చెప్పుకుంది. 'నేను, నేను, నేను.' మేకపిల్ల కూడా అన్నిసార్లు అరవదు."

"వదినా, ఆ టీవీ ఆవిడ..."

"ఆ రోజు ఈ గదిలో ఎంతమంది ఉన్నారో తెలుసా? కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు జనం. మా ఆడబిడ్డని చూపిస్తున్నారని నేనే పిలిచాను అందరినీ. కుర్చీలు చాలక కుట్టాల్సిన బట్టల మూటల మీద కూచోబెట్టాను. నువ్వు నోరు తెరిచి మొదటి 'నేను' అన్నావు. అందరూ నా వైపు చూశారు. టీవీ వైపు కాదు, నా వైపు." వదిన కోపంగా మాట్లాడుతూ మొగుణ్ణి మధ్యలో వదిలేసి ఎప్పుడు ఆడబిడ్డతోనే మాట్లాడడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియలేదు. "పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ నీ బతుకు పోగుచేసుకుంటున్నాను అమ్మాయ్. ఎక్కడ నవ్వించాలి, ఎక్కడ ఆగాలి. కాజాలు కుడుతూ నాలో నేనే చెప్పుకునేదాన్ని. ఒక్క పూటలో ఎత్తుకుపోయావు."

"ఎత్తుకుపోలేదు. లాక్కున్నాను," అంది ఆడబిడ్డ. "వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నాను. కెమెరా పెట్టాక ఆ టీవీ ఆవిడ ఏమని మొదలుపెట్టిందో నీకు తెలుసా? అడవిలో ఆకులు తిని పెరిగిన పిల్లట. ఎవరో దయగల అధికారి చెయ్యి పట్టుకుని కొండ దింపాడట. రైలంటే ఏంటో తెలియని జాతట. మన పొయ్యి ఉన్న చోటే వాళ్ళ సిగ్నలు స్తంభం పాతారు కదా వదినా. రైలు తెలియకపోవడమేంటి మనకి? మన ఇళ్ళ మీదుగానే పోయింది రైలు. నేను నోరు మూసుకుంటే అదే నా బతుకు అయ్యేది. దేశమంతా అదే వినేది. కాదు అని ఒక్క మాట అందామనుకున్నాను. ఒక్క మాట అన్నాక ఆగడం రాలేదు. దిగుడులో బండిలాగా."

"బండి ఆపడం వచ్చుగా నీకు. దానికేగా టీవీలో కూచోబెట్టారు."

లోపల్నుంచి అత్త చిన్నగా "హుఁ" అంది. కోడలు వేసిన దెబ్బ బాగానే తగిలిందని ఒప్పుకుంటున్నట్టుగా.

ఆడబిడ్డ తలదించుకుంది. వదిన గౌను లాగి దారం తెంపింది. తెంపి, ఇక ఆపుకోలేక, అసలు మాట బయటపెట్టింది.

"పోనీ, చెప్పుకున్నావు. చెప్పుకున్నదాంట్లోనైనా నిజం చెప్పావా? పక్కింటి పంతులమ్మ వచ్చి మరీ చెప్పింది. యూనిఫారం కంపెనీ దర్జీ కుట్టాడన్నావట. మొదటి రోజే చక్కగా సరిపోయిందన్నావట. కంపెనీ దర్జీ. ఆ ప్యాంటు ఎవరు విప్పారు, ఎవరు మళ్ళీ కత్తిరించారు, ఎవరు కుట్టారు? ఈ చేతులు కావా?"

ఆడబిడ్డ తలెత్తింది. కళ్ళార్పకుండా చూసింది.

"వదినా. నువ్వు... చూడలేదా?"

"ఏం చూడాలి?"

"టీవీలో. నేను ఆ మాట అన్నప్పుడు."

"మొదటి 'నేను' అనగానే లేచి పెరట్లోకి పోయాను. నీ మొహం చూడబుద్ధి కాలేదు. పంతులమ్మ చెబితే విన్నాను. చాలదా?"

ఆడబిడ్డ ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. అన్న వైపు చూసింది. వడ్రంగి కుర్చీ కాలు వైపు చూశాడు. అత్త పైకప్పు వైపు చూసింది. ఆ ముగ్గురికీ తెలిసిందేదో వదినకు తెలియదు. అలాంటి నిశ్శబ్దం ఒక ఇంట్లో పడితే తెలియని మనిషికి అరికాళ్ళు మండుకొస్తాయి.

"ఏంటి? ఏంటా చూపులు? నోళ్ళలో ఏం పెట్టుకున్నారు అందరూ?"

మెట్ల మీద మనిషి కూడా ఇటే చూస్తున్నాడు. వాన సన్నగా పడుతోంది.

వడ్రంగి లేచాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. అలమారలో కళ్ళజోడు పెట్టె కిందనుంచి తన ఫోను తీశాడు. దానిమీద ఏదో వెతికాడు, ఒకటి నొక్కితే ఇంకోటి వచ్చింది, చివరికి దొరికింది. తెచ్చి మిషను బల్ల మీద, సుద్దముక్కకీ కత్తెరకీ మధ్య, దారపు కండెకి ఆనించి నిలబెట్టాడు. పెట్టి, వచ్చి పీట మీద కూచున్నాడు.

"ఏంటిది?"

"మా అమ్మ చూస్తానంది," అన్నాడు.

"నేనెప్పుడు..." అని మొదలుపెట్టిన అత్త, తెలివైన మనిషి కాబట్టి, "ఆఁ, అన్నాను, అన్నాను. పెట్టు," అంది.

చిన్న తెర మీద ఆడబిడ్డ. రెండేళ్ళ కిందటి మొహం. యూనిఫారం ఇస్త్రీ చేసి ఉంది, కాలరు మాత్రం ఒకవైపు లేచింది. వదిన చెయ్యి తెలియకుండానే ముందుకు వెళ్ళింది, తెరలో ఉన్న కాలరు సరిచేయబోయి వెనక్కి వచ్చింది.

తెరలో ఆడబిడ్డ చెబుతోంది. "శిక్షణ బడిలో నాకు యూనిఫారం కంపెనీ దర్జీ కుట్టాడండి. మొదటి రోజే చక్కగా సరిపోయింది." అలా అంటూ ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాగింది. దురద పుట్టినట్టు, మామూలుగా. ఎదురుగా ఉన్న టీవీ ఆవిడకీ, విని వచ్చి చెప్పిన పంతులమ్మకీ అది కనపడనే లేదు.

వదినకి కనపడింది.

కొండజనంలో ఎవరికైనా కనపడుతుంది. పరాయివాళ్ళ ముందు, కచేరీల్లో, ఠాణాల్లో, తప్పనిసరై సొంత బతుకు చెప్పుకోవాల్సొస్తే, అందులో ఒక్క అబద్ధం పెడతారు వీళ్ళు. చెవి పట్టుకుని పెడతారు. దాన్ని ముడి అంటారు. ముడి ఉన్నంతకాలం ఆ బతుకు చెప్పడం అయిపోలేదు. అసలు చెప్పాల్సినవాళ్ళు వచ్చి, "అది అబద్ధం, నిజం ఇదీ" అని ముడి విప్పాలి. అప్పుడే అది పూర్తి అవుతుంది. ఎవరికోసం ముడి వేశారో వాళ్ళే విప్పాలి. చూసినవాళ్ళు వేలు పెట్టకూడదు, చెప్పకూడదు, వేసినవాళ్ళు అసలే అడగకూడదు.

ఆ పూట గదిలో కిక్కిరిసిన జనమంతా చూశారు. చూసి, పెరట్లో ఉన్న వదినకీ తెలుసనే అనుకున్నారు. తెలిసీ మొండికేసిందని అనుకున్నారు. ఆడబిడ్డ అక్కడ ముడి వేసి, వదిన ఎప్పుడు నవ్వుతూ ఫోను చేస్తుందా అని రెండేళ్ళు ఎదురు చూసింది. వదిన ఇక్కడ క్షమించమనే ఫోను కోసం రెండేళ్ళు ఎదురు చూసింది.

వదిన ఫోన్లో బొమ్మని వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది. చెవి. మళ్ళీ జరిపింది.

"సరిపోయిందట," అంది నెమ్మదిగా. "మొదటి రోజే. చక్కగా సరిపోయిందట." ఆ మాటకి కడుపులోంచి నవ్వు పుట్టింది. నవ్వు ఎక్కడో దారిలో ఏడుపుతో కలిసిపోయి, కుట్టిన గౌనే మొహానికి అడ్డం పెట్టుకోవాల్సొచ్చింది. అట్టలాంటి గౌను కన్నీళ్ళు కూడా పీల్చుకోలేదు.

తేరుకున్నాక మొదట మొగుడి మీద పడింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ, ఇన్నాళ్ళూ పక్కనే కూచుని అన్నం తింటూ, ఒక్క మాట చెప్పవేం మహానుభావా?"

వడ్రంగి ఆలోచించాడు. "నా ముడి కాదుగా," అన్నాడు.

"వీణ్ణి కన్నందుకు నన్ను తిట్టు కోడలా," అంది అత్త లోపల్నుంచి. "నాకేం అభ్యంతరం లేదు."

ఆడబిడ్డ ఎప్పుడు లేచి వచ్చిందో, మిషను పక్కన నేల మీద కూచుని ఉంది. వదిన ఆమె వైపు వంగి ఎడమ చెవి పట్టుకుంది. బాగానే మెలేసింది.

"ఇంత పెద్ద బండికి హారను ఉందిగా నీ దగ్గర. ఒక్కసారి మోగిస్తే ఏం?"

"మోగిస్తే ముడి చెల్లదుగా," అంది ఆడబిడ్డ, చెవి వదిలించుకోకుండా.

ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. తెరలో ఆ వాన రోజు సంగతి వచ్చింది. దిగుడులో చక్రాలు జారడం, బ్రేకు వదలడం, పట్టాల మీద పడాల్సిన ఇసుక గొట్టంలో గడ్డకట్టడం. వదిన దాన్ని ఇంతకు ముందు వినలేదు కాబట్టి, చెవి వదలకుండానే ఒక కన్ను అటు వేసింది. "ఇసుక దానంతటదే దిగిందండి. అది మా అదృష్టం," అంటోంది తెరలో ఆడబిడ్డ.

మళ్ళీ ఎడమ చెవి.

వదిన వేళ్ళు సడలాయి. "ఇది రెండోది."

ఆడబిడ్డ ఫోను ఆపేసింది.

"ఇదీ నాదేనా?"

కాదన్నట్టు తల ఊపింది.

"మరి ఎవరిదే?"

ఆడబిడ్డ లేచి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. వదినా ఇక అడగలేదు. అడగకూడదని ఇప్పుడే కదా ఇల్లంతా ఆమెకి నేర్పింది.

*

హాలు నిండిపోయింది. చాపల మీద చోటు లేక గోడల పక్కన నిలబడ్డారు. తడిసిన గొడుగులు గుమ్మం దగ్గర గుట్టగా పడున్నాయి. ఆడబిడ్డ ముందు వరసలో ఎత్తు పీట మీద కూచుంది, నోరు మూసుకుని. అసిస్టెంటు ఆమె సంచి పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగాడు. పరాయివాడు వింటే తప్పులేదు, కూచుంటేనే తప్పు. అది ఎవరు చెప్పారో గానీ, అతను కూచోలేదు.

పెద్దాయన వదిన వైపు చూశాడు. ఆమె లేచింది. టేపు ఇంకా మెళ్ళోనే ఉంది, తీయడం మరిచిపోయింది.

"మా ఆడబిడ్డకి," అంది, "రైలు నడపడం వచ్చు. ప్యాంటు తొడుక్కోవడం రాదు."

హాలు ఘొల్లుమంది.

"నవ్వకండి, నిజం. కంపెనీ దర్జీ కుట్టాడని టీవీలో చెప్పింది. అది అబద్ధం. కంపెనీ ఇచ్చింది మగాళ్ళ ప్యాంటు. అది తొడుక్కుని మా గుమ్మంలోకి వస్తే, ప్యాంటు ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. అదీ వెనకది ముందుకి తొడుక్కుంది. రైలుకి ఎటైనా ఇంజను తగిలించొచ్చు గానీ ప్యాంటుకి కుదరదే తల్లీ అన్నాను."

ఆడబిడ్డ పెదవులు బిగించుకుని కూచుంది. భుజాలు ఊగిపోతున్నాయి.

"విప్పాను. నడుం దగ్గర కోసి పట్టీ వేశాను. తొడల దగ్గర వదులు పెట్టాను, ఇంజను మెట్లు ఎక్కాలిగా. లోపల, బయటికి కనపడకుండా, ఒక జేబు కుట్టాను. అది దేనికో ఇక్కడున్న ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంజన్లో పాయిఖానా ఉండదు. నెల నెలా వచ్చేది బండి టైము చూసుకుని రాదు. ఆడది ఇంజనెక్కుతుందని ఆ ఇంజను చేసినవాళ్ళకి తోచలేదు. తోచనిచోట కూచుని ఇరవై ఏళ్ళు నడిపింది. మూత్రం వస్తుందని ఎండాకాలం కూడా నీళ్ళు తాగకుండా నడిపింది. శిక్షణ బడిలో 'కొండపిల్లా, ఇది మేక కాదు' అన్నారట మాస్టారు. 'తెలుసండీ, మేకైతే చెప్పిన మాట వినదు' అందట ఇది."

మళ్ళీ నవ్వు. వదిన ఆ నవ్వుని కుట్టు బిగించినట్టు ఒక్క క్షణం పట్టి ఉంచి, వదిలింది.

"ఇంకో తప్పు. హారను. కొండదారిలో రెండో సొరంగం దాటాక, అక్కడ గేటు లేదు, ఊరు లేదు, మనిషి లేడు. హారను కొట్టాల్సిన పని లేదు. ఇది కొడుతుంది. వెళ్ళిన ప్రతిసారీ కొడుతుంది. ఎందుకు కొట్టావని పైవాళ్ళు మందలించారు. వినలేదు. ఎందుకు కొడుతుందో మనకి తెలుసు. అక్కడ మన పొయ్యిలుండేవి. దారి ఇవ్వమని అందరూ హారను కొడతారు. ఇది, దారి ఇచ్చినవాళ్ళకి కొడుతుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక ముసలాయన పైపంచె మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గోడ పక్కన నిలబడ్డ వడ్రంగి, భార్య వైపు, నున్నగా వచ్చిన చెక్కని చూసినట్టు చూస్తున్నాడు.

"ఇక వాన రోజు. పట్టాల మీద రాలిన ఆకులు నానిపోయి జిగురైపోయాయి. దిగుడు. వెనకాల పెట్టెలన్నీ నిండా జనం. బ్రేకు వేసింది. చక్రాలు బిగుసుకున్నాయి, బండి ఆగలేదు. సబ్బు మీద కాలేసినట్టు జారుతోంది. ముందు వంపు, వంపు పక్కన లోయ. అప్పుడు ఏం చేసిందో చెప్పండి. బ్రేకు వదిలేసింది. మీరైతే వదులుతారా? నేనైతే కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. బిగుసుకున్న చక్రం జారుతుందే గానీ ఆగదు. వదిలితే తిరుగుతుంది. తిరిగేదాన్నే ఆపగలం. జారిపోతున్నప్పుడు చెయ్యి వదలడానికి ఎంత గుండె కావాలో అనుకోండి. వదిలింది. చక్రం తిరిగింది. మెల్లగా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు, మళ్ళీ పట్టింది. కానీ తడి పట్టా మీద చక్రానికి పట్టు దొరకాలంటే ఇసుక కావాలి. ఇంజను ముందు గొట్టాల్లోంచి పడాలి. ఆ ఇసుక కూడా తడిసి గొట్టంలో గడ్డకట్టింది."

వదిన ఆగింది.

"ఇసుక దానంతటదే దిగిందని చెప్పింది మా ఆడబిడ్డ. చెప్పి, చెవి పట్టుకుంది."

చాపల మీద గుసగుస లేచి, వెంటనే అణిగింది. రెండో ముడి సంగతి టీవీ చూసినవాళ్ళందరికీ తెలుసు. అదీ వదినదే అనుకున్నారు అందరూ. ఇప్పుడు విప్పుతుందని ముందుకు వంగారు.

"గడ్డకట్టిన ఇసుక దానంతటది దిగదు," అంది వదిన. "నడుస్తున్న ఇంజను ముందు మెట్టు మీద ఎవరో వేలాడాలి. స్పానరు పట్టుకుని ఆ గొట్టాన్ని కొట్టాలి. కింద పట్టాలు, పక్కన లోయ. నడిపేవాళ్ళు సీటు వదలరు. కాబట్టి అది మా ఆడబిడ్డ చేసిన పని కాదు. అంతవరకు నాకు తెలుసు. ఆపైన నాకు వరస లేదు. ఈ ముడి నాది కాదు."

పెద్దాయన నొసలు ముడిపడ్డాయి. ముడి విప్పకుండా బతుకు పూర్తి కాదు. విప్పాల్సినవాళ్ళు ఈ హాల్లోనే ఉండాలి, మన మనిషే అయి ఉండాలి. పరాయివాళ్ళ కోసం ఎవరూ ముడి వేయరు.

"ఎవరిదమ్మా?" అన్నాడు పెద్దాయన. వదినని అడగలేదు. హాలుని అడిగాడు.

పీట మీద ఆడబిడ్డ తల తిప్పలేదు. చేతులు మాత్రం మోకాళ్ళ మీద, బ్రేకు పట్టుకున్నంత గట్టిగా బిగుసుకున్నాయి.

ఎవరూ లేవలేదు. వదిన హాలంతా చూసింది. ఒక్కో మొహం మీదా చూపు ఆపి, తీసి, గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ నీలం చొక్కా మనిషి. శుభ్రంగా దువ్విన తల, పట్నం వాలకం. ఇంజన్ల షెడ్డులో ఎవరడిగినా తనది ఏదో దూరపు పట్నమని చెప్పే మనిషి. మధ్యాహ్నం అత్త కొండభాషలో కొంగ అన్నప్పుడు ఇతనికి ఎందుకు పొలమారిందో వదినకి అప్పుడు తట్టింది.

అతను సంచి నేల మీద పెట్టాడు.

బూట్లు విప్పాడు. ఒకటి, తర్వాత ఇంకోటి. గుమ్మం దాటి చాప అంచు మీద అడుగు పెట్టాడు. జనం తలలు ఒక్కొక్కటే అటు తిరిగాయి. "మాది దూరపు పట్నం," అన్నాడు, కొండభాషలో.

చెయ్యి పైకి లేచింది. వెళ్ళి, ఎడమ చెవి పట్టుకుంది.